మౌసు కంటే ముందు ఫోన్ నెంబరు

నగరానికి కొత్తగా వలసొచ్చిన స్త్రీలకు బస్తీ కమ్యూనిటీ హాళ్లలో స్వచ్ఛందంగా కంప్యూటరు నేర్పే మిత్రులు పాఠాన్ని మౌసుతోనే మొదలుపెడుతున్నారు. అసలు అడ్డంకి అక్కడ లేదు. ఆధార్‌కైనా, బ్యాంకుకైనా చాలామందికి ఓటీపీ వెళ్లేది భర్త ఫోనుకే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు దేశంలో 57 శాతం, స్త్రీలు 33 శాతమే. ఆంధ్రప్రదేశ్ స్త్రీలైతే 21 శాతం. దీన్ని చదువు లేకపోవడం కింద జమకట్టడం మనకు అలవాటైపోయింది. ఫోను ఎవరి జేబులో ఉందో అడగం!

మొదటి వారం ఆమె పేరున సిమ్ తీసుకోవడం, ఆధార్‌లో, బ్యాంకులో ఆ నెంబరు ఎక్కించడం జరగాలి. టైపింగు తర్వాత నేర్పినా నష్టం లేదు. ఇళ్లలో గొడవలవుతాయి, అనుమానాలొస్తాయి. అప్పుడు వెంట నిలబడడానికి సంఘం సిద్ధంగా ఉండాలి. ఆమె పాస్‌వర్డు మాత్రం వాలంటీర్ల నోటుపుస్తకంలోకి ఎక్కకూడదు.