రాసుకోని వక్ఫ్
సింహాచలం ఆలయంలో వందలాది శాసనాలున్నాయి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు సమర్పించిన ఆభరణాల వివరం నేటికీ చదువుకోవచ్చు. రాసి పెట్టారు గనుక నిలిచింది. మరి మన పెద్దలు మస్జిదులకు నోటిమాటతో వక్ఫ్ చేసిన భూముల సంగతేమిటి? సాక్షులు కన్నుమూశాక హద్దులు చూపేదెవరు? 2025 సవరణ చట్టం వచ్చాక దస్తావేజు లేనిదే కొత్త వక్ఫ్ చెల్లదు. ఆ చట్టంపై మనకెన్ని అభ్యంతరాలున్నా, రాసుకోమన్న మాట మనకు కొత్త కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్ (2:282) అప్పును సైతం రాసుకోమంటోంది. బద్ర్ ఖైదీలలో చదువు వచ్చినవారు పదేసిమంది పిల్లలకు రాత నేర్పితే, దాన్నే పరిహారంగా స్వీకరించి దైవప్రవక్త (స) వారిని విడిచిపెట్టారు. మదర్సా ఉపాధ్యాయులమైన మేము ఖిరాఅత్ చక్కగానే నేర్పుతున్నాం. కాని మా విద్యార్థి తన ఇంటి తెలుగు దస్తావేజు చదవలేడు. తప్పు మాదే. ఉర్దూ పక్కన తెలుగు రాత ఈ ఏడే చేర్చాలి.