సాంకేతిక దీపిక: చీకటి తెరకు చికిత్స

ఉత్తర ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రం నెలకొన్న కటవారియా సరాయ్‌లోనే, ఒక అద్దెగదిలో ఉండి మా మేనల్లుడు గేట్ పరీక్షకు చదువుచున్నాడు. గత ఆదివారం ల్యాప్‌టాప్‌తో మా ఇంటికి వచ్చాడు.

"మామయ్యా, లినక్స్ అప్‌డేట్ చేసినప్పటి నుంచి బయటి మానిటర్ వెలగడం లేదు. అంతా చెరిపేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తాను" అన్నాడు. ఏడాదిగా వ్రాసుకున్న నోట్సు అందులోనే ఉన్నది. వేరొక ప్రతి లేదు.

ఒక ఫీడర్ ట్రిప్ అయినంత మాత్రాన సబ్‌స్టేషన్‌ను పడగొట్టము గదా! ముందుగా అదే కేబుల్‌తో మానిటర్‌ను మరొక కంప్యూటర్‌కు కలిపి చూశాము, వెలిగినది. కనుక దోషం ల్యాప్‌టాప్‌లోనిదే.

రెండు గ్రాఫిక్స్ చిప్పులు గల ల్యాప్‌టాప్‌లలో, సాధారణంగా సొంత తెరకు ప్రాసెసర్‌లోని చిప్పు బొమ్మను అందిస్తుంది. హెచ్‌డీఎంఐ పోర్టు మాత్రం అనేక నమూనాలలో రెండవ చిప్పుకు కలిపి ఉంటుంది. దాని డ్రైవరు లోడు కానిచో సొంత తెర వెలుగుతూనే ఉంటుంది, బయటి తెర చీకటవుతుంది.

యంత్రాన్ని తిరిగి ప్రారంభించి, గ్రబ్ మెనూలో పాత కెర్నెల్‌ను ఎన్నుకున్నాము. మానిటర్ వెలిగినది! కొత్త కెర్నెల్‌కు తగిన డ్రైవరు మాడ్యూల్ తయారు కాలేదని తేలినది. ఆ కెర్నెల్ హెడర్ ప్యాకేజీని చేర్చి, డ్రైవరును తిరిగి ఇన్‌స్టాల్ చేయగా సమస్య తీరినది. సెక్యూర్ బూట్ అమలులో ఉన్నచోట, సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నెల్ నిరాకరించుట మరొక కారణం కావచ్చును.

మిత్రులారా! తేలికగా వెనుకకు మరలగల పరీక్షలు ముందు; చెరిపివేయుట చిట్టచివర. నోట్సును పెన్‌డ్రైవ్‌లోనికి ఎక్కించిన తరువాతనే మా శ్రీమతి అబ్బాయికి కాఫీ ఇచ్చినది.