పురిటి గదికి పలకల గోడ



“గదిలో ఒక గోడకు చెక్క పలకలు కొట్టించుకోవాలని ఉంది. టేకు కొనే శక్తి లేదు. తక్కువ ఖర్చులో అయ్యే దారి ఏదైనా ఉంటే చెప్పండి” అని మన సంఘాలలోని గృహిణులు మమ్మల్ని తరచు అడుగుతుంటారు. ఈ విషయం మేము ఎక్కడో చదివి చెప్పేది కాదు. మలికిపురంలోని మా ఇంట్లోనే ఒకసారి చెడగొట్టుకొని, మరొకసారి సరిచేసుకొని నేర్చుకున్నది. కనుక రెండు సంగతులూ దాచకుండా మనవి చేస్తున్నాము.

ఈ ఏడాది సంక్రాంతి నాటికి మా అమ్మాయికి అయిదో నెల. ఏడో నెలలో పురిటికి తీసుకురావాలి. మాకున్నవి రెండే గదులు. అందులో పడమటి గది గాలీ వెలుతురూ ఉన్నదే గాని, దాని బయటి గోడకు నడుము ఎత్తు వరకు చెమ్మ. సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. చేత్తో రాస్తే ఉప్పులాంటి తెల్లని పొడి అంటుతుంది. పసిబిడ్డ పడుకునే మంచం ఆ గోడ పక్కనే వేయాలి. “నాలుగు పలకలు కొట్టించి కప్పేద్దాం, చూడ్డానికీ బాగుంటుంది” అనుకొని వడ్రంగి మేస్త్రిని పిలిచాము.

ఆయన గోడమీద అరచెయ్యి వేసి చూసి, “ఆయ్, గోడ ఏడుస్తోందండి. ముందు దాని ఏడుపు మాన్పించండి. చెక్క సంగతి ఆనక చూద్దాం” అన్నాడు. డబ్బు వచ్చే పనిని వద్దన్నాడు! మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. ఎందుకంటే ఆ మాట నిజమని మాకు పాతికేళ్ళ క్రితమే తెలుసు. తెలిసీ మరచిపోయాము.

మొదటిసారి జరిగిన పొరపాటు

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమవాసులు ఎవరూ మరచిపోలేరు. ఎందరో ప్రాణాలు కోల్పోయారు. తోటలకు తోటలే నేలకొరిగాయి. ఎక్కడ చూసినా పడిపోయిన కొబ్బరి చెట్లే. కొనేవాళ్ళు లేరు. మా అమ్మాయి తాతగారు మా పెరట్లో పడిన చెట్లలో రెండింటిని పలకలుగా కోయించారు. 1997లో ఆ పలకలను ఇదే గోడకు, ఎడం లేకుండా, మేకులతో నేరుగా కొట్టించాము. పలకలకే ఒక చిన్న అర బిగించి దానిమీద ఇంటి పెద్ద బైబిలు పెట్టాము. వచ్చినవారంతా గది ఎంతో ముచ్చటగా ఉందన్నారు.

ఆ బైబిలు మొదటి పుటల్లో తాతగారు తన చేతిరాతతో మా కుటుంబంలోని పుట్టుకలు, పెళ్ళిళ్ళు, మరణాలు అన్నీ తేదీలతో రాసి పెట్టేవారు. 1998లో మా అమ్మాయి పుట్టినప్పుడు ఆమె పేరూ రాశారు. ఏడాది తిరిగింది. 1999 వానాకాలంలో ఒకనాడు దులుపుదామని ఆ బైబిలు ఎత్తితే చేతికి అట్ట మాత్రమే వచ్చింది. లోపలంతా మన్ను. పలక ఊడదీసి చూస్తే గోడకూ చెక్కకూ మధ్య నేల నుండి అర దాకా చెదపురుగుల బాట! బయటి నుండి ఒక్క గీత కూడా కనిపించలేదు. తాతగారు ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ అట్టను తుడిచి తన పెట్టెలో దాచుకున్నారు. ఆ రాత మళ్ళీ రాలేదు. ఇప్పుడు తాతగారూ లేరు.

కనుక పాఠకులకు మేము చెప్పే మొదటి మాట ఇది: పలకల గోడ చెమ్మకు మందు కాదు, ముసుగు. ముసుగు వేసిన చెమ్మ లోలోపల పెరుగుతుంది. ఈ రోజుల్లో ప్లాస్టిక్ పలకలు కూడా దొరుకుతున్నాయి. వాటిని చెద తినదు, నిజమే. కాని వాటి వెనుక గోడ తడిగానే ఉంటుంది, బూజు పడుతుంది.

ముందు గోడ సంగతి

చెమ్మ ఎక్కడి నుండి వస్తుందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పల్చని పాలిథిన్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించండి. రెండు రోజులు ఆగి చూడండి. కాగితం వెనుక, గోడవైపు నీటి బొట్లు ఉంటే ఆ తడి గోడలో నుండి వస్తున్నది. గదివైపు ఉంటే అది గదిలోని గాలి తేమ. అప్పుడు కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే చాలావరకు తగ్గుతుంది.

మాకు గోడవైపే వచ్చింది. మన రాజోలు దీవికి ఒకవైపు వశిష్ఠ, ఒకవైపు వైనతేయ, దక్షిణాన సముద్రం. కొద్దిగా తవ్వితేనే నీరు తగులుతుంది. పునాదిలోని ఇటుక ఆ నీటిని దీపపు వత్తి నూనెను పీల్చినట్లు పైకి పీల్చుకుంటుంది. దానికి తోడు మా స్వయంకృతం కూడా ఉంది. బయట గోడ మొదట్లో పూలమొక్కల కోసం మన్ను పోసి గట్టు కట్టాము. గది నేలకంటే ఆ గట్టే ఎత్తు! స్నానాల నీరూ అటే పారుతోంది.

సంక్రాంతి వెళ్ళగానే ఆ మన్ను తీసేశాము. నీరు గోడకు దూరంగా పారేటట్టు వాలు పెట్టి చిన్న కాలువ చేశాము. ఆ గోడ పాతకాలపు సున్నం, ఇటుక గోడ. మధ్యలో ఎప్పుడో దానికి సిమెంటు పూత వేయించాము. ఆ పూత వల్ల తడి బయటికి ఆరే దారి మూసుకుపోయింది. అందుచేత చెమ్మ గీతకు అడుగు పై వరకు ఆ పూతను చెక్కించి గోడను ఆరనిచ్చాము. గోడ ఆరడం రోజుల పని కాదు, నెలల పని. అందుకే ఈ పని వానలు వెనుకబట్టిన తరువాత, జనవరిలో మొదలుపెట్టాలి. ఏప్రిల్‌లో సున్నపు పూత వేయించి వెల్ల వేశాము.

ఏ చెక్క? ఎంత?

‘కొబ్బరి చెక్క’ అంటే మనకు పచ్చడి గుర్తుకొస్తుంది. మేము చెప్పేది కొబ్బరి మాను కోయగా వచ్చిన పలక. ఫిలిప్పీన్స్ దేశంలో ఇళ్ళ నిర్మాణానికి దీన్ని విరివిగా వాడతారు. మనం మాత్రం పొయ్యిలోకో, ఇటుక బట్టీకో పంపుతున్నాము. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి, కేశనపల్లి పరిసరాల్లో ఉప్పునీరు ఎక్కి మోడులైన చెట్లను చూసినవారికి ఈ నష్టం ఎంత పెద్దదో తెలుసు. చెట్టు పోయిన దుఃఖం తీరదు గాని, మానులో పనికివచ్చే భాగాన్నైనా వృథా కానివ్వకూడదు. అయితే మోడై చాలాకాలం నిలబడిన చెట్టు, ఎర్రముక్కు పురుగు తొలిచిన చెట్టు పలకకు పనికిరావు.

మేము ఇంటి కప్పు మీదికి వాలిన మా పెరటి ముసలి చెట్టునే కొట్టించాము. కొబ్బరి మానులో బలమంతా మొదలు భాగంలో, అందులోనూ బయటి వలయంలో ఉంటుంది. అక్కడి చెక్క ముదురు రంగులో, బరువుగా ఉంటుంది. నడిమి గుజ్జు లేత రంగులో మెత్తగా ఉంటుంది. గోరు దిగే పలకను పక్కన పెట్టేయండి. ఈ మాను రంపం పళ్ళను త్వరగా మొద్దుబారుస్తుంది. అందుచేత కోత మిల్లువారితో కూలి ముందే మాట్లాడుకోవాలి.

ఖర్చు తగ్గించే అసలు కిటుకు ఏమంటే, గోడంతా కప్పనక్కరలేదు. మా గోడ పొడవు 12 అడుగులు, ఎత్తు 9 అడుగులు, అంటే 108 చదరపు అడుగులు. మంచానికి, కుర్చీలకు తగిలేది కింది భాగమే. మేము 4 అడుగుల మేరే వేయించాము. అది 48 చదరపు అడుగులు, సగం కూడా కాదు. 4 అంగుళాల వెడల్పు, 6 అడుగుల పొడవు గల పలకలు వరుసకు రెండు చొప్పున 12 వరుసలు, మొత్తం 24. చీలినవాటికి బదులుగా మరో 2. అంగుళం మందాన కోయిస్తే నాలుగున్నర ఘనపుటడుగుల లోపు చెక్క. చిత్రిక పట్టాక ముప్పావు అంగుళం మిగులుతుంది. వీటితో పాటు 4 అడుగుల రీపర్లు 7 కావాలి.

పచ్చి పలకకు వెంటనే బూజు పడుతుంది, పురుగూ పడుతుంది. అందుకని కోసిన రోజునే మందునీటిలో ముంచాలి. 50 లీటర్ల నీటికి వెలిగారం 3 కిలోలు, బోరిక్ పొడి 2 కిలోలు కలిపాము. రీపర్లను కూడా అందులోనే ముంచాము. ఆ నీటిని పిల్లలకు, పశువులకు అందకుండా చూడండి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. ముంచిన పలకలను ఒకదానిమీద ఒకటి పేర్చి, పాలిథిన్ కప్పి రెండు వారాలు ఉంచితే మందు లోపలికి దిగుతుంది. తరువాత పలకకూ పలకకూ మధ్య సన్న బద్దలు పెట్టి, నీడలో, గాలి ఆడేచోట 6 నుండి 8 వారాలు ఆరబెట్టాలి.

మన పెద్దలు చెదకు జీడిపిక్కల తొక్క నూనె పూసేవారు. మోరి దగ్గర జీడిపప్పు పరిశ్రమ ఉన్నందున అది మనవారికి తెలిసినదే. ఆరుబయటి కర్రకు అది మంచిదే గాని, చర్మాన్ని కాలుస్తుంది, ఘాటు వాసన. పసిబిడ్డ ఉండే గదికి వద్దనుకున్నాము.

బిగించే విధానం

రీపర్లను గోడకు నిలువుగా, రెండేసి అడుగుల ఎడంతో బిగించాలి. వాటిమీద పలకలు అడ్డంగా వస్తాయి. అప్పుడు పలకకూ గోడకూ మధ్య అంగుళం సందు మిగిలి, గాలి కింది నుండి పైకి ఆడుతుంది. రీపర్లను అడ్డంగా కొడితే ఆ దారి మూసుకుపోతుంది. రెండు పలకలు కలిసేచోటు తప్పనిసరిగా రీపరు మీదే ఉండాలి.

రీపర్లను గాని పలకలను గాని నేలకు ఆనించవద్దు. 4 అంగుళాలు పైకి ఎత్తి మొదలుపెట్టండి. ఆ ఖాళీ చూడ్డానికి వెలితిగా ఉంటుందని మేము అంటే, మేస్త్రి ఒప్పుకోలేదు. చెదపురుగు నేల నుండి ఎక్కాలంటే ఆ 4 అంగుళాలలో మట్టిబాట కట్టుకోవాలి. కట్టగానే మన కంట పడుతుంది. పైన కూడా మూయకుండా, బొద్దింకలు చొరకుండా సన్నని నైలాన్ జాలీ కొట్టించాము.

మొదటి పలకను రసమట్టంతో సరిచూసి బిగిస్తే మిగతావన్నీ సరిగా కూర్చుంటాయి. ఈ చెక్క అంచుల దగ్గర చీలుతుంది. కనుక ముందు సన్న బెజ్జం వేసి, తరువాత మేకు దించాలి. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుంది. జింకు పూత వేసినవి గాని, ఇత్తడివి గాని వాడండి. అన్నిటికంటే అడుగున వచ్చే పలకను మాత్రం మేకులతో కొట్టకుండా స్క్రూలతో బిగించండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి వెనుక చూసుకోవచ్చు. 1997లో మేము ఈ ఒక్క పని చేసి ఉంటే తాతగారి రాత మిగిలేది.

బిగించే ముందే పలకలకు రెండు వైపులా అవిసె నూనె పూశాము. ఆ వాసన పోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే ఏప్రిల్‌లోనే పని ముగించి, కిటికీలు తెరిచి ఉంచాము. పురుడు మే నెలాఖరుకు. అప్పటివరకు అమ్మాయి ముందుగదిలోనే పడుకుంది. “అమ్మా, నాకోసం ఇంత హైరానా ఎందుకు?” అని అడుగుతూనే ఉంది.

మనవరాలు పుట్టింది. ఇప్పుడు ఆ పలకల గోడ పక్కనే ఉయ్యాల ఊగుతోంది. చెట్టు మాది, ముంచడం, ఆరబెట్టడం, నూనె పూయడం మా చేతి పని. కోత కూలి, మేస్త్రి కూలి, సున్నపు పని కూలి, మందు, నూనె, మేకులు ఇవే ఖర్చు. అప్పు చేయలేదు.

కొత్త బైబిలు ఒకటి కొన్నాము. మొదటి పుటలో మాకు గుర్తున్నంతవరకు పాత పేర్లన్నీ మళ్ళీ రాసి, చివర మనవరాలి పేరు రాశాము. తాతగారు దాచిన ఆ పాత అట్టను కూడా దానితో కలిపి ఇనుప బీరువాలో పెట్టాము. పలకల గోడ ఎంత బాగా కుదిరినా దానికి అర బిగించలేదు.

ప్రతి నెల మొదటి శనివారం టార్చిలైటు వేసి ఆ 4 అంగుళాల సందు చూస్తున్నాము. మీరు కూడా గోడ కొట్టించుకుంటే ఈ అలవాటు చేసుకోండి.

వానలకు ముందు పెంకుటింటి కప్పు సరిచూసుకునే విధానం గురించి వచ్చే నెల ముచ్చటించుకుందాము.