బండి ఉంటే పేదోడు కాడట!

మొన్న కేసముద్రం స్టేషన్ బయట చాయ్ తాగుతుంటే పక్కనున్న పెద్దమనిషి తీర్పు చెప్పేశాడు: "ఇంకా పేదోళ్లెక్కడున్నరు సార్? అందరి చేతుల్ల ఫోన్లు, అందరి ఇండ్ల ముంగట బండ్లు."

ఆయన్ననేం లాభం? ఢిల్లీదీ అదే పాట. తొమ్మిదేళ్లలో 24.82 కోట్ల మంది పేదరికం నుంచి బయటపడ్డారని 2024 జనవరిలో నీతి ఆయోగ్ చాటింది. దాని సూచీలో 12 గడులున్నాయి: వంటగ్యాసు, మరుగుదొడ్డి, కరెంటు, బ్యాంకు ఖాతా, ఇంకా ఏవేవో. ఆస్తుల గడిలో ఫోనొకటి, బండొకటి చూపిస్తే గట్టెక్కినట్టే. అప్పుకు మాత్రం ఆ పన్నెండులో గడి లేదు!

ఈ పండితులు చాయ్ కొట్టు దాటి మార్కెట్ యార్డుకొచ్చి రైతుకిచ్చే ఒక్క తక్‌పట్టీ చదవాలి. మిర్చి బస్తాలెన్ని, తూకమెంత, ధరెంత. కింద అడ్తి, హమాలీ, దడ్వాయి కోతలు. విత్తనాలనాడు అడ్తిదారు దగ్గర తెచ్చిన బాకీ, దాని మిత్తి ఆ తర్వాత. లెక్క తేలేసరికి కొందరి పైసలు యార్డు గేటు కూడా దాటవు.

మా చిన్నాయనకు నిరుడు గుండెనొప్పొచ్చింది. మూడు రూపాయల మిత్తికి రెండు లక్షలు తెచ్చి ఓ ప్రైవేటు ఆసుపత్రికి కట్టినం. ఖర్చును బట్టి పేదరికం తేల్చే సర్వేలకు అదీ ఖర్చే. అంటే ఆ ఏడు చిన్నాయన ఇల్లు దారిద్ర్యరేఖకు ఎంతో పైన ఉన్నట్టు. జబ్బుచేసి బాగుపడ్డ సంసారం!

ఆ రేఖ సంగతీ తెలిసిందే. పల్లెలో రోజుకు 26 రూపాయలు చాలని 2011లో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకే చెప్పింది. ఆ 26తో వాళ్లు ఒక్కపూటైనా గడిపారా? 2025లో ప్రపంచ బ్యాంకు తన గీతను 3 డాలర్లకు జరిపింది. ఎటు జరిపినా మిత్తి ఊసు లేదు. రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నాం కదా అంటారు సర్కారోళ్లు. మంచిదే, తింటున్నం. బియ్యంతో బాకీ తీరదు.

అందుకే నాదొక్కటే మాట: ఇంకో గడి గీయండి. ఏడాదికి మిత్తి ఎంత కడుతున్నరో అడిగి, రాబడిలోంచి తీసేయండి. జనం దాచిపెట్టిన అప్పు సంగతి ఎట్ల రాబట్టాలంటారా? అది అర్థశాస్త్రవేత్తలు చూసుకుంటరు, జీతాలు వాళ్లకే కదా.

అన్నట్టు, ఆ పెద్దమనిషి లెక్కపెట్టిన బండ్లల్ల చిన్నాయనదీ ఉంది. ఇంకా పద్నాలుగు కిస్తులు కట్టాలె.