పైడికంటిని ఫొటో తీయండి, తొర్ర మాత్రం చూపించకండి

పై వీడియోలో చింతకొమ్మ మీద కూర్చుని మనవైపే గుడ్లు మిటకరించి చూస్తున్నది పైడికంటి. చిన్న గుడ్లగూబ అన్నమాట. జానెడు పిట్ట. గోధుమరంగు ఒంటిమీద తెల్ల చుక్కలు, పసుప్పచ్చ కళ్లు. వీడియోలో కొమ్మ వరకే చూపించాను. తొర్ర చూపించలేదు, చెట్టు ఎక్కడుందో చెప్పలేదు. కావాలనే చెప్పలేదు.

ముందు ఒక మాట. ఈ పిట్టను ఫొటో తీయాలనే నేనంటాను. మన ఊళ్లలో గూబ అరిస్తే చావు కబురు అంటారు, ఇంట్లో దూరితే ఇల్లు ఖాళీ చేయాలంటారు. ఆ భయంతోనే రాళ్లేసి కొడతారు, తొర్రలో పొగ పెడతారు. పొద్దుగూకాక అది చేసే పని ఎవరైనా చూశారా? పేడపురుగులు, మిడతలు, రెక్కల పురుగులు, చిట్టెలుకలు దాని తిండి. మనం పొలంలో పక్షి స్థావరాలు పాతుతున్నాం కదా, పగలు వాటిమీద ఏట్రింత వాలితే రాత్రి ఈ పిట్ట వాలుతుంది. ఈ సంగతి పది మాటల్లో చెప్పేకంటే, ఎలుకపిల్లను కాళ్లతో పట్టుకున్న ఒక్క ఫొటో చూపిస్తే పిల్లలకు కూడా అర్థమవుతుంది.

అయితే ఫొటో పిచ్చి ముదిరితే భయం కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. లైకుల కోసం తొర్రలో సెల్‌ఫోన్ పెట్టి పిల్లల్ని తీసేవాళ్లున్నారు. మన దక్షిణాదిలో ఇవి ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెట్టి పొదుగుతాయి. మూడు నాలుగు గుడ్లు. ఆ రోజుల్లో మనిషి మాటిమాటికీ తొర్ర దగ్గరికి వెళితే తల్లి గూడు వదిలేయొచ్చు. రాత్రిపూట ఫ్లాష్ కొట్టడం ఇంకో తప్పు. మసక వెలుతురులో చూడటానికి తయారైన కళ్లవి. ఒక్కసారి తళుక్కుమంటే కాసేపు దాని చూపు చెదరవచ్చు, అటు వేటా చెడవచ్చు. మొబైల్లో గూబ అరుపు పెట్టి పిలిచేవాళ్లూ ఉన్నారు. తన చోటుకి ఇంకో గూబ వచ్చిందనుకుని అది వేట మానేసి కంగారు పడుతుంది.

చాలామంది వీడియోల్లో పైడికంటి తల పైకీ కిందికీ ఊపుతుంటే డాన్స్ చేస్తోందని పాట పెడతారు. అది డాన్స్ కాదండీ. మనల్ని చూసి ఉలిక్కిపడి, ఎంత దూరంలో ఉన్నామో అంచనా వేసుకుంటోంది. తల ఊపిందంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారని గుర్తు. నాలుగడుగులు వెనక్కి రండి.

మరి ఎలా తీయాలి? పొద్దు వాలే వేళ, ఇంకా వెలుతురు ఉండగానే తొర్రలోంచి బయటికొచ్చి కొమ్మమీద కూర్చుంటుంది. ఆ అరగంట చాలు. నడుస్తూ పోవద్దు, ఒకచోట కదలకుండా కూర్చోండి. ట్రాక్టర్ మీదో బండిమీదో కూర్చుంటే చాలా పక్షులు అంతగా బెదరవు. జూమ్ ఉన్న కెమెరా ఉంటే సరే, లేకపోతే దూరంగానే తీసి చిన్నగా వచ్చినా ఫర్వాలేదు. చెట్టుకింద వెతికితే అది కక్కిన ఉండలు దొరుకుతాయి. విప్పితే పురుగుల రెక్కముక్కలు, సన్నటి ఎముకలు ఉంటాయి. దాన్నీ ఫొటో తీయండి. పిట్ట జోలికి పోకుండానే అది ఏం తిన్నదో పదిమందికి చూపించవచ్చు.

చోటు ఎందుకు దాచాలంటే, మన దేశంలో మంత్రతంత్రాల పేరుతో గుడ్లగూబలను పట్టి అమ్మేవాళ్లున్నారు. దీపావళి ముందు ఆ బేరం ఇంకా ఎక్కువ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, చంపడం, అమ్మడం నేరం. చట్టం ఉన్నా, మనమే వీడియోలో ఊరు, చెట్టు, తొర్ర చూపిస్తే వాళ్లకు దారి చెప్పినట్టే. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయండి. జిల్లా పేరు చెబితే చాలు.

ఆఖరిగా, మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈ పిట్ట తనంతట తాను తొర్ర తొలచుకోలేదు. గట్టుమీద ఉన్న ముసలి చింత, మామిడి, వేపల్లో ఉన్న తొర్రే దానికి ఇల్లు. నీడ పడుతోందనో, కట్టెల రేటు బాగుందనో ఆ చెట్టు కొట్టేస్తే మళ్లీ అలాంటి తొర్ర రావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. పక్క పొలం రైతు ఎలుకలమందు పెడుతుంటే కూర్చోబెట్టి మాట్లాడండి. కొన్నిరకాల మందు తిన్న ఎలుకను తింటే గూబకూ ఆ విషం ఎక్కుతుంది. మీ తీసిన ఫొటో ఆయనకే ముందు చూపించండి. లైకుల కంటే ఆ పక్క పొలంలో మందు ఆగడమే నాకు ఎక్కువ.