పూలు పూసేదాకా ఆగి చూద్దాం



"ఇక్కడ ఏముంది టీచర్? అంతా రాళ్ళూ ముళ్ళే!" కొత్తగా బదిలీ మీద వచ్చిన పిల్లల నోట మేము ఏటా వినే మాట ఇది. అమ్మకో నాన్నకో తెలంగాణలోనో, రాయలసీమలోనో, బళ్ళారి వైపో, షోలాపూర్ వైపో పోస్టింగ్ వచ్చిందంటే చాలు, ఈ మాట తప్పదు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు, తప్పంతా క్యాలెండరుదే. మన బదిలీలు ఎక్కువగా ఏప్రిల్, మే, జూన్ నెలల్లో జరుగుతాయి. సామాన్ల లారీ దిగే వేళకి చెరువు ఎండి ఉంటుంది, నేల నెర్రెలు విచ్చి ఉంటుంది, గుట్టలు బోడిగా కనిపిస్తాయి. ఈ నేలకి అసలు పండగ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తుంది. అప్పటికి "ఈ ఊరు ఇంతే" అని మనసులో ముద్ర పడిపోయి ఉంటుంది, పైగా పరీక్షలు మీద పడతాయి. అందుకే మేము ఒక మాట గట్టిగా చెప్పదలిచాం. ఏ ఊరి మీదైనా ఒక వానాకాలం దాటాకే అభిప్రాయానికి రావాలి. ప్రతి బడీ ఏడాదికి ఒక్కసారైనా పిల్లల్ని ఆ పూల కాలంలో పొలాల వైపు నడిపించాలి. వాటర్ పార్కుకి ఏ నెలలోనైనా వెళ్ళొచ్చు. పూలు మాత్రం మన సెలవుల కోసం ఆగవు.

దక్కను పీఠభూమిలో చాలా భాగం అర్ధశుష్క ప్రాంతం. అంటే ఎడారి కాదు, అలాగని నీటికి నిశ్చింత ఉన్న నేలా కాదు. పశ్చిమ కనుమలకు ఇవతల, వర్షచ్ఛాయలో ఉన్న అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఇలాంటి నేలల పంటల మీద పరిశోధన కోసమే 1972లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది. ఇక్కడ వాన తక్కువే కాదు, ఎప్పుడు వస్తుందో చెప్పలేం కూడా. ఇక్కడి మొక్కలకు ఆ సంగతి బాగా తెలుసు. చాలా మొక్కల విత్తనాలు గట్టి పైపొరతో మట్టిలో నెలల తరబడి, కొన్ని ఏళ్ళ తరబడి ఆగుతాయి. మొదటి వానకే అన్నీ మొలవవు. కొన్ని మొలుస్తాయి, కొన్ని తర్వాతి వాన కోసం కూర్చుంటాయి. మధ్యలో వాన మొహం చాటేస్తే జాతి మొత్తం నశించిపోకూడదు కదా! మొలిచినవి మాత్రం ఆలస్యం చేయవు. తడి ఆరేలోపు ఎదిగి, పూసి, గింజ రాల్చి పని ముగిస్తాయి. మే నెలలో మనం "ఏమీ లేదు" అనుకున్న చోట మన చెప్పుల కింద ఉన్నవి ఈ గింజలే.

ఇక పూల సంగతి. తంగేడుతో మొదలుపెడదాం. రోడ్డు పక్కన, చెరువు కట్ట మీద, గుట్టల అంచున ఎవరూ నీళ్ళు పోయకుండానే పెరిగే పొద ఇది. పసుపు పూలు గుత్తులు గుత్తులుగా పూస్తుంది. దీని బెరడుతో తోళ్ళు పదును చేసేవారు, ఆకును పొలానికి పచ్చిరొట్టగా తొక్కేవారు. ఇప్పుడిది తెలంగాణ రాష్ట్ర పుష్పం. మీలో చెన్నై నుంచి వచ్చినవారు దీన్నే ఆవారం అని విని ఉంటారు. పుణె నుంచి వచ్చినవారికి ఇది తరవడ, కన్నడ సీమలో తంగడి, ఆవరికె. ఊళ్ళు మారినా మన వెంట వచ్చిన పువ్వు ఇది, పేరు ఒక్కటే మారింది.

జొన్న చేలలో, మొక్కజొన్న చేలలో గునుగు మొలుస్తుంది. తెలుపులో గులాబీ రంగు కలిసిన కంకుల్లాంటి పూలు. రైతుకది కలుపు, కానీ లేత ఆకు వంటింట్లో కూర, పువ్వు బతుకమ్మకు అలంకారం. కిందికి వంగి చూస్తే గడ్డిలో విష్ణుక్రాంతం కనిపిస్తుంది, వేలిగోరంత నీలిపువ్వు. పక్కనే తుమ్మి తెల్లగా ఉంటుంది. పల్లేరు కూడా పసుపు పువ్వు పూస్తుందని కాలికి ముల్లు దిగినవారికి చాలామందికి తెలియదు! కంచెల మీదికి పాకే అడవినాభి అయితే మంటలాగే ఉంటుంది. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే. దాన్ని చూడండి కానీ ముట్టుకోకండి. మొక్కంతా విషమే, దుంప మరీ ప్రమాదం.

పూలు చూడటానికి పొలాలకు వెళ్ళడం మనం కొత్తగా కనిపెట్టిన సరదా కాదు. భాద్రపద అమావాస్య నుంచి ఆశ్వయుజ అష్టమి దాకా తొమ్మిది రోజుల బతుకమ్మ పండుగ ఈ పూల కాలం మీదే నిలబడింది. 2014లో తెలంగాణ దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. తెల్లవారుజామున పిల్లలు గంప పట్టుకుని అక్కల వెంట, అన్నల వెంట చెలకల్లోకి పోయి తంగేడు, గునుగు కోసుకొస్తే, ఆ గంపలోనే ఊరి వృక్షశాస్త్ర పాఠం సగం ఉండేది. వినాయక చవితి నాటి 21 పత్రిలోనూ ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త, విష్ణుక్రాంతం, రేగు, జమ్మి ఉన్నాయి. ఇవన్నీ మెట్ట నేలల మొక్కలే. పత్రి బజారులో కట్టగా దొరుకుతున్న ఈ రోజుల్లో ఏ ఆకు ఏదో చెప్పగలవారు మన ఇళ్ళలో ఎందరున్నారు?

మాట దగ్గర జాగ్రత్త ఎందుకంటే, "ఇక్కడ ఏమీ లేదు" అనే మాటకు ఫలితాలు ఉంటాయి. కేంద్ర భూ వనరుల శాఖ, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి బంజరు భూముల అట్లాసు ప్రచురిస్తుంది. అందులో పొదలున్న నేలలకు కూడా చోటుంది. ప్రణాళికలకు అలాంటి లెక్క అవసరమే. కానీ బంజరు అన్న పేరు పడ్డాక ఆ నేలకు విలువ లేదని జనం అనుకుంటారు. చెత్త పోయడానికి, రాయి తవ్వడానికి ముందుగా గుర్తొచ్చేది ఆ చోటే. మంచి మనసుతో మొక్కలు నాటే మనం కూడా అక్కడున్న గడ్డినీ పొదలనూ పీకేసి గుంతలు తవ్వుతాం. పచ్చదనమంటే చెట్లు మాత్రమే కాదు. బట్టమేక పిట్ట కోసం 1988లో కర్నూలు ప్రాంతంలోని రోళ్ళపాడును అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పక్షికి కావలసింది దట్టమైన అడవి కాదు, విశాలమైన గడ్డి మైదానం. నేల మీదే గుడ్డు పెట్టే పక్షి అది. రాజస్థాన్‌లో చదివినవారికి అది గోడావణ్‌గా తెలుసు, ఆ రాష్ట్ర పక్షి అదే. ఇప్పుడది పూర్తిగా అంతరించిపోయే అంచున ఉంది.

అయితే అందరం పూల మీద పడితే పూలకే చేటు కదా అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మహారాష్ట్రలో సతారా దగ్గర కాస్ పఠారం ఉంది. అది వానలు దండిగా పడే చోటు. 2012లో పశ్చిమ కనుమలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. జనం తాకిడి పెరగడంతో అక్కడ టికెట్లు పెట్టి, రోజుకు ఇంతమందే అని పరిమితి విధించవలసి వచ్చింది. అందుకే పేరున్న చోటికి బస్సులు కట్టించమని మేము అనడం లేదు. బడికి రెండు మూడు కిలోమీటర్ల లోపు ఉన్న చెరువు కట్టో, గుట్టో చాలు. ఒక్కో తరగతి ఒక్కో రోజు వెళ్ళాలి. బూట్లు వేసుకోవాలి, గడ్డిలో పాములుంటాయి. చేను కనిపిస్తే రైతును "పెద్దయ్యా, గట్టు మీద నుంచి పోవచ్చా?" అని అడిగి నడవాలి. పైరు తొక్కకూడదు. ఫొటో కోసం పూల మధ్యలోకి దూకకూడదు, ఒక అడుగు కింద వచ్చే ఏటి గింజలు నలుగుతాయి. చేలో కలుపు మందు కొట్టడం వల్ల గునుగు తగ్గుతోందని రైతుకు ఉపదేశాలు చేయడం మన పని కాదు, ఆయన కష్టం ఆయనది. గట్లు, కట్టలు, రోడ్డు పక్కలు, బడి ఆవరణలో ఒక మూల మాత్రం మందు కొట్టకుండా, చదును చేయకుండా వదిలేయమని కోరవచ్చు. బడి మూల అయితే మన చేతిలోదే.

"మేం రెండేళ్ళకు వెళ్ళిపోతాం, మాకెందుకు?" అనే ప్రశ్న మిగిలింది. బదిలీల మీద బతికే మా ఇళ్ళలోనూ ఇదే ప్రశ్న. దానికి మా సూచన ఒకటుంది. ప్రతి బడి గ్రంథాలయంలో ఒక పూల రిజిస్టరు పెడదాం. ఏ తేదీన, ఎక్కడ, ఏ పువ్వు చూశారో రాయండి. ఊళ్ళో అవ్వ చెప్పిన పేరు రాయండి, మీ ఇంటి భాషలో పేరు కూడా రాయండి. మోదుగ అని ఒకరు, పలాశ్ అని ఒకరు, ముత్తుగ అని ఇంకొకరు రాస్తారు. టీసీ తీసుకుని వెళ్ళేటప్పుడు రిజిస్టరు అక్కడే ఉంచండి. ఒక్కో విద్యార్థి చూసేది ఒకటో రెండో పూల కాలాలు, రిజిస్టరు పదేళ్ళు చూస్తుంది. ఏ ఏడు తంగేడు ఆలస్యమైందో, ఏ ఏడు గునుగు కనబడలేదో దాన్ని చూస్తే తెలుస్తుంది. వచ్చే జూన్‌లో లారీ దిగి, ఎండిన గుట్టను చూసి దిగాలుపడే కొత్త విద్యార్థికి ఆ పుస్తకం చేతికివ్వండి. సెప్టెంబరు పేజీ తీసి చూపించండి.