మైకు ముందరి మల్లినాథుడు

వ్యాఖ్యానమన్న మాట వినగానే సాహిత్యం చదువుకొన్న తెలుగువానికి మల్లినాథసూరి గుర్తుకు రావడం సహజం. ఆయన మా పూర్వపు మెదకు జిల్లావాడు. కొల్చారం ఆయన ఊరని చెప్పుకొంటాము. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రచించడానికి పూనుకొన్నప్పుడు ఆ మహనీయుడు రెండు నియమాలు పెట్టుకొన్నాడు. ఆధారము లేనిది వ్రాయరాదు, అక్కరలేనిది చెప్పరాదు. కొన్ని వందల సంవత్సరాల క్రిందటి ఈ నియమాలకు క్రికెట్టు మైదానంలో ఏమి పని అని పాఠకులు నవ్వవచ్చు. అవి నేడు ముఖ్యంగా వర్తించవలసిన చోటు అదేనని నా మనవి.

కావ్యం చదివేవాని ముందు మూలగ్రంథం ఉంటుంది. వ్యాఖ్యాత పొరపడితే తానే మూలాన్ని తిరిగి చూచుకొనగలడు. రేడియో శ్రోతకు ఆ వసతి లేదు. అతనికి బంతి లేదు, మైదానం లేదు, ఉన్నదల్లా ఒక కంఠం. ఆ కంఠం ఏమంటే అదే జరిగినట్లు. ఇంతటి బాధ్యత మోసే భాషావృత్తి మరొకటి నాకు తోచదు. అయినా మన సాహిత్యచరిత్రలలో దీనికి ఒక పేరా అయినా దక్కలేదు.

మా నాగల్‌గిద్ద మూడు రాష్ట్రాల మాటలు కలిసే చోటు. నా చిన్ననాడు జాతరలో కుస్తీలు జరిగేవి. నేటికీ ఈ ప్రాంతంలో జరుగుతూనే ఉన్నవి. కొబ్బరికాయ పందెంతో మొదలై, వెండి కడియం కుస్తీతో ముగుస్తాయి. ఆనాడు మైకు పట్టిన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఒక వాక్యం తెలుగులో, ఒకటి కన్నడంలో, మరొకటి మరాఠీలో అనేవాడు. ఏ పహిల్వాను ఏ ఊరివాడో, ఎవరి శిష్యుడో చెప్పి, పట్టు బిగిసే సమయానికి మాత్రం నోరు మూసుకొనేవాడు. ఎప్పుడు ఊరుకోవలెనో ఆయనకు తెలుసు. అక్కరలేనిది చెప్పరాదన్న నియమాన్ని నేను పుస్తకంలో చదువక ముందే అక్కడ విన్నాను.

హిందీవారు ఈ విద్యను గౌరవించుకొన్నారు. జస్‌దేవ్ సింగ్ సంగతి చూడండి. 1948లో గాంధీ మహాత్ముని అంతిమయాత్రకు మెల్విల్ డి మెల్లో ఆంగ్లంలో చేసిన ప్రత్యక్ష వ్యాఖ్యానం విని, తానూ ఈ పనిలోనికే రావలెనని ఆయన నిశ్చయించుకొన్నారు. 1955లో జైపూరు ఆకాశవాణిలో చేరారు. విన్నది ఆంగ్లంలో, వినిపించినది మాత్రం హిందీలో! తొమ్మిది ఒలింపిక్ క్రీడలకు, ఎనిమిది హాకీ ప్రపంచకప్పులకు, ఆరు ఆసియా క్రీడలకు ఆయన గొంతు సాక్షి. 1975లో కౌలాలంపూరులో పాకిస్తానును 2-1 తేడాతో ఓడించి మన హాకీ జట్టు ప్రపంచకప్పు గెలిచిన ఘట్టం ఆయన మాటలలోనే ఎందరికో మిగిలి ఉన్నది. 1985లో పద్మశ్రీ, 2008లో పద్మభూషణ్ వచ్చాయి. ఒలింపిక్ ఉద్యమం తన ఒలింపిక్ ఆర్డర్‌తో సత్కరించింది. 2018లో ఆయన కన్నుమూసినప్పుడు దేశం ఒక ప్రముఖుణ్ణి కోల్పోయినట్లే వార్తలు వచ్చాయి. 2012లో రవి చతుర్వేదికి, 2016లో ఇందూరుకు చెందిన సుశీల్ దోషికి పద్మశ్రీ లభించింది. ఇందూరు హోల్కర్ మైదానంలోని వ్యాఖ్యాతల గదికి దోషి పేరే పెట్టారు. చతుర్వేది కళాశాలలో జంతుశాస్త్రం బోధించినవారు. నేనూ అధ్యాపకుడినే గనుక ఈ సంగతి చెప్పుకోవడంలో నాకు కొంత స్వార్థం లేకపోలేదు.

మరి మన సంగతి? హర్షా భోగ్లే 1961లో హైదరాబాదులో పుట్టారు, ఇంటిమాట మరాఠీ. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివి, ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగు పూర్తిచేశారు. పందొమ్మిదేళ్ల వయసులో హైదరాబాదు ఆకాశవాణిలోనే మైకు ముందు కూర్చొన్నారు. 1991-92లో ఆస్ట్రేలియా రేడియో తమ దేశంలో జరిగే పోటీలకు వ్యాఖ్యానం చేయమని ఆయనను పిలిచింది. అట్లా పిలుపందుకొన్న మొదటి భారతీయుడాయన. ఆయన టెస్టు ఆటగాడు కాడు. హైదరాబాదు లీగులో ఆడినవాడే గాని, పేరు తెచ్చినది మాట ఒక్కటే. నాలుగు దశాబ్దాలకు పైగా ఆ మాట చెల్లుబాటు అవుతూనే ఉన్నది. ఆయన ఆంగ్లాన్ని ఎన్నుకొన్నారని నేను నిష్ఠూరమాడను. ఆనాడు ఆ పని మీద బతకదలచిన హైదరాబాదు యువకునికి తెలుగు ఏ బాటా చూపలేదు. తప్పు ఆయనది కాదు, మనది.

తెర మీద క్రికెట్టుకు పూర్తిగా ఒక తెలుగు క్రీడాఛానలు ఏర్పడినది 2018 డిసెంబరులో. వెంకటపతి రాజు, వేణుగోపాలరావు వంటి మాజీ ఆటగాళ్లు మన మాటలో ఆటను విప్పి చెప్పుతుంటే విని సంతోషించినవారిలో నేనూ ఒకణ్ణి. ఆట లోతు వారికి తెలిసినట్లు మనకు తెలియదు. అయితే లోతు తెలియడం ఒకటి, దానిని వాక్యంలో పెట్టడం మరొకటి. రెండవదానికి సాధన కావలె, గురువు కావలె, మంచి చెడ్డలు చెప్పే విమర్శకుడు కావలె. సినిమా పాటలో ఒక పదం దొర్లితే నెల రోజులు తగవులాడే మనము, లక్షలమంది వినే వ్యాఖ్యానాన్ని గురించి ఒక్క విమర్శవ్యాసం వ్రాసుకొన్నామా?

పరభాషాపదాలతో నాకు పేచీ లేదు. వికెట్టును, ఓవరును అనువదించమని నేనడగను. రైలును ధూమశకటమన్నవారి గతి చూచినాము. బంతి, పరుగు ఎట్లాగూ మనవే. నా బాధ కబడ్డీ దగ్గర. ఇది చెడుగుడై మన మట్టిలో ఆడిన ఆట. 2014లో ప్రొ కబడ్డీ లీగు మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్ అని మన భాష పేరే ఒక జట్టుకు వచ్చింది. కాని తెర మీద ఎక్కువగా వినబడేది రైడు, రైడరు, టాకిలు. కూత అన్న మాట ఏమైనది? పట్టు ఏమైనది? అప్పు చేయవలసిన చోట అప్పు చేద్దాము. ఇంట్లో గింజలు పెట్టుకొని అంగడికి పోవడమెందుకు?

ప్రభుత్వాలు ఏటేటా ఇచ్చే పురస్కారాలలో క్రీడావ్యాఖ్యాతకు ఒకటి ఉండవలె. రేడియోలో, టీవీలో, ఊరి మైదానాలలో తెలుగున పలికిన కంఠాలను సేకరించి ఏదైనా విశ్వవిద్యాలయం భద్రపరచవలె. వ్రాసినది కాగితం మీద నిలుస్తుంది. పలికినది పట్టి ఉంచకపోతే గాలిలో పోతుంది.

మొన్న నా తరగతిలో కబడ్డీ ఆట ఒకటి శబ్దం ఆపివేసి చూపించి, విద్యార్థులను తెలుగులో వ్యాఖ్యానించమన్నాను. ఒకరి వెనుక ఒకరు వచ్చి రైడుకు పంపించినారు. చివరకు తండా నుండి వచ్చే కుర్రవాడు ఒకడు లేచి, “కూతకు బయలుదేరినాడు” అన్నాడు. తరగతి గొల్లుమని నవ్వింది. ఎందుకు నవ్వినారని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయినారు. వాడు మాత్రం ఆగలేదు. ఆట ముగిసేదాకా చెప్పుతూనే ఉన్నాడు.